సంతకం ఇవతలి గట్టున: లంక గ్రామంలో ఒక బీపీ కేసు

నేను కోనసీమలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో మెడికల్ ఆఫీసర్ని. మా కింద ఉన్న విలేజ్ క్లినిక్కుల్లో ఒకటి వశిష్ఠ పాయ మధ్య లంకలో ఉంది. మామూలు రోజుల్లో కాజ్‌వే మీద బండి పోతుంది, వరదొస్తే నాటు పడవే దిక్కు. అక్కడి ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్, అంటే డాక్టరు లేని క్లినిక్కుని నడిపే నర్సు) నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్, ఆ పైన ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ కోర్సు చదివిన అమ్మాయి. ఊరంతా ఆమెను సిస్టరమ్మ అంటారు, నేనూ ఇక్కడ అలాగే రాస్తాను.

నర్సులకు సొంతంగా మందులు రాసే అధికారం ఇవ్వాలా అన్న చర్చ వచ్చినప్పుడల్లా మా డాక్టర్లు కొత్త మందు మొదలుపెట్టడం గురించే వాదించుకుంటారు. రాసిన మందు ఇవ్వకుండా ఆగడానికీ, వాడుతున్న మందు ఆపడానికీ కూడా అదే అధికారం కావాలని ఎవరికీ గుర్తురాదు. ఈ కేసులో చిక్కంతా అక్కడే వచ్చింది. రోగి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, మనిషి ఆనవాళ్లు మార్చాను.

రోగి

52 ఏళ్ల దింపు కార్మికుడు. కుర్రతనం నుంచీ కొబ్బరి చెట్లెక్కడమే పని. మూడేళ్లుగా బీపీకి అమ్లోడిపిన్ 5 మి.గ్రా. రోజుకొకటి వేసుకుంటున్నాడు. మానకుండానే వేసుకుంటున్నాడని ఖాళీ స్ట్రిప్పులు లెక్కపెడితే తేలింది. షుగర్ లేదు. చుట్ట మానేశాడు. మద్యం పండగలకీ పబ్బాలకీ మాత్రమే.

మే నెలాఖర్లో నెల మాత్రల కోసం వచ్చాడు. బీపీ 172/104. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 168/102. తలనొప్పి, ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసకబారడం ఏవీ లేవు. చీలమండల దగ్గర నొక్కితే సొట్ట పడేంత నీరు. మూత్రంలో ముంచి చూసే పట్టీ (డిప్‌స్టిక్) మీద ప్రొటీన్ ఒక ప్లస్. అప్పటికప్పుడు చూసిన షుగర్ 118.

మేం వాడే బీపీ ప్రొటోకాల్‌లో తర్వాతి మెట్టు టెల్మిసార్టన్ 40 మి.గ్రా. కలపడం. అది సిస్టరమ్మ కుర్చీ వెనక బీరువాలోనే ఉంది. ఈ స్థాయి క్లినిక్కులకు కేంద్రం నిర్దేశించిన వందకు పైగా రకాల మందుల్లో బీపీ మాత్రలు ముందు వరసవే. అయితే డాక్టరు ఒకసారి రాసిన మందు నెలనెలా ఇవ్వడం వరకే ఆమె పని, కొత్తది కలపడం కాదు. అందుకని వీడియోలో డాక్టరుతో మాట్లాడించే ప్రభుత్వ సేవ ఈ-సంజీవనిలో డాక్టరుకి కలిపింది.

స్క్రీన్ మీద డాక్టరు అంకెలు చూశారు, ఛాతీనొప్పి ఉందా అని అడిగారు, టెల్మిసార్టన్ 40 రాశారు. ఇందులో తప్పు పట్టడానికేం లేదు. ఆయనకు కనిపించినంత వరకు అదే సరైన వైద్యం, ఆ కుర్చీలో నేనున్నా అదే రాసేవాణ్ణి.

బీరువా తాళం తీసే ముందు

మాత్రలు చేతికిచ్చే ముందు సిస్టరమ్మ రెండు ప్రశ్నలు అడిగింది. ఆ మాటలు ఆమె నాకు చెప్పినట్టే రాస్తున్నాను.

"బాబాయ్‌గారూ, మోకాళ్లకి ఇంకా సూదేయించుకుంటున్నారాండీ?"

"వారానికొకటండి. అదెయ్యకపోతే చెట్టెక్కలేనండి."

"మరి ఎండల్లో నీళ్లేం తాగుతున్నారు?"

"నీళ్లెందుకండి, బొండాలున్నాయి కదండీ. పొద్దున్నే రెండు, తర్వాత దిగినప్పుడల్లా ఒకటి."

"రోజుకి ఓ ఆరు ఉంటాయా?"

"ఆయ్. ఎండ మండితే ఇంకో రెండండి."

సూది వేసేది ఊళ్లోని ఆర్‌ఎంపీ, అంటే డిగ్రీ లేకుండా వైద్యం చేసే మనిషి. ఆ సూది డైక్లోఫెనాక్. దానికి తోడు కాగితం పొట్లంలో కలగలుపు మాత్రలు, వాటి పేర్లు వేసినాయనకే తెలియాలి.

డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఒంట్లో ఉప్పునీ నీరునీ నిలవబెట్టి బీపీ పెంచుతాయి. కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. టెల్మిసార్టన్ బీపీకి మంచి మందే కానీ, అదీ కిడ్నీలోని రక్తపు ఒత్తిడిని ఇంకో వైపు నుంచి తగ్గిస్తుంది, పైగా పొటాషియం బయటికి పోనివ్వదు. బొండం నీళ్లలో 100 మి.లీ.కి సుమారు 200 నుంచి 250 మి.గ్రా. పొటాషియం ఉంటుంది. ఆరు బొండాలంటే మూడున్నర, నాలుగు గ్రాముల దాకా లెక్క తేలుతుంది. కిడ్నీలు బాగున్నవాడికి ఇదో లెక్క కాదు, అదనపు పొటాషియం మూత్రంలో పోతుంది. వారం వారం డైక్లోఫెనాక్ పడుతూ, మూత్రంలో ప్రొటీన్ కనిపిస్తున్న మనిషికి దాని మీద టెల్మిసార్టన్ వేస్తే కిడ్నీలు దెబ్బతినొచ్చు, పొటాషియం గుండె లయను చెడగొట్టేంత పెరగొచ్చు.

ఆమె నాకు ఫోన్ చేసింది. "సార్, రాసింది ఇచ్చేస్తే ప్రొటోకాల్‌కి సరిపోతుంది. క్రియాటినిన్, పొటాషియం చూడకుండా ఇవ్వడానికి మాత్రం చెయ్యి రావట్లేదండి." క్రియాటినిన్ అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష.

సందేహం వస్తే డాక్టరుని అడగడం నర్సు బాధ్యతే, అంతవరకు ఎవరూ కాదనరు. అడిగేలోపు ఏం చెయ్యాలన్నదే తేలదు. ఆమె ఆ మాత్రలు ఇచ్చేసి ఉంటే ఏ ఆడిట్‌లోనూ ఎవరూ వేలెత్తి చూపేవాళ్లు కాదు. ఆపితేనే సంజాయిషీ చెప్పుకోవాలి. నా ఫోన్ ఆ పూట కలిసింది కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు.

రక్తం సీహెచ్‌సీ (పీహెచ్‌సీ కంటే పెద్ద ప్రభుత్వాసుపత్రి) ల్యాబ్‌కి పంపాం. క్రియాటినిన్ 1.6, పొటాషియం 5.4, రెండూ ఉండాల్సినదానికంటే ఎక్కువే. ఈ వయసు మగవాడికి క్రియాటినిన్ 1.6 అంటే కిడ్నీ పనితీరు దాదాపు సగానికి పడిపోయినట్టు.

ఏం చేశాం

చెయ్యాల్సిందంతా ఆమే చెప్పింది, నేను ఒప్పుకున్నాను, చీటీ నా పేరు మీద వెళ్లింది. టెల్మిసార్టన్ ప్రస్తుతానికి వద్దు. అమ్లోడిపిన్ 10కి పెంచడం. సూది, పొట్లం మాత్రలు పూర్తిగా బంద్, నొప్పికి పారాసిటమాల్. బొండం రోజుకొకటి, మిగతాది మామూలు నీళ్లు. ఎండుచేపలు, ఆవకాయ తగ్గించమని చెప్పడం కూడా ఉంది కానీ, కోనసీమలో ఆ సలహా ఎంతవరకు నడుస్తుందో చెప్పే నాకూ వినే అతనికీ తెలుసు.

అన్నిటికంటే కష్టమైంది సూది మాన్పించడం. సూది లేకపోతే చెట్టు లేదు, చెట్టు లేకపోతే కూలి లేదు. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి కిందికి నొక్కిపట్టే వ్యాయామం సిస్టరమ్మ నేర్పించింది. కొబ్బరికాయల వ్యాపారితో మాట్లాడి కొన్నాళ్లు అతన్ని దింపు నుంచి ఒలుపు పనికి మార్పించింది. కూలి తగ్గింది, ఇంట్లో సణిగారు, అయినా మానేశాడు. ఈ భాగం ఏ చీటీలోనూ ఉండదు. నా దగ్గరికి వచ్చి ఉంటే సూది వద్దని ఒక మాట చెప్పి పంపేవాణ్ణి, ఆ వ్యాపారి ఎవరో కూడా నాకు తెలిసేది కాదు.

రెండు వారాలకి బీపీ 148/92, క్రియాటినిన్ 1.3, పొటాషియం 4.7. అమ్లోడిపిన్ పెంచితే కాళ్ల నీరు పెరగాలి, ఇక్కడ తగ్గింది. అంటే నీరు పట్టించింది ఎక్కువగా ఆ సూదే. మూత్రంలో ప్రొటీన్ మాత్రం పోలేదు. ప్రొటీన్ పోతున్న కిడ్నీకి టెల్మిసార్టన్ మేలు చేస్తుంది కాబట్టి జులైలో 40 మాత్ర సగం చేసి 20తో మొదలుపెట్టాం. వారానికి పొటాషియం 4.8, బీపీ 136/86. మే నెలలో ప్రమాదమైన మందే జులైలో అవసరమైంది. మధ్యలో మారింది మనిషి పరిస్థితి, దాన్ని వారం వారం చూసింది ఆమె.

వరద

ఆగస్టులో గోదావరి పోటెత్తింది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా లంకకు మొదటి హెచ్చరిక అందేసరికే కాజ్‌వే నీళ్ల కింద ఉంటుంది. కరెంటు పోయింది, కాసేపటికి సెల్ టవర్ బ్యాటరీ కూడా అయిపోయింది. ఊళ్లో సగం బోర్లు మునిగాయి, విరేచనాలు మొదలయ్యాయి.

మన రోగి ఎనిమిది విరేచనాలు, రెండు వాంతులతో వచ్చాడు. నాలుక ఎండిపోయి ఉంది, పొద్దున్నించీ మూత్రం లేదు. బీపీ 104/66, నాడి 112. ఆ ఉదయం మాత్రలు రెండూ వేసుకునే వచ్చాడు, క్రమం తప్పని మనిషి కదా.

ఒంట్లో నీరు తగ్గినప్పుడు టెల్మిసార్టన్ కొనసాగిస్తే కిడ్నీలు ఒక్కసారిగా మూలపడొచ్చు. నీరసపడ్డ రోజుల్లో ఈ తరహా మందులు ఆపాలన్నది మెడికల్ కాలేజీలో మాకు చెప్పే పాఠమే. అది ఆమెకూ తెలుసు. ఈ-సంజీవని లేదు, నా ఫోన్ లేదు, పడవ వాడు ఆ ప్రవాహంలో రానన్నాడు. ఆమె రెండు మందులూ ఆపింది. ఓఆర్‌ఎస్ చెంచాతో కొద్దికొద్దిగా పట్టించి, క్లినిక్కు వరండాలోనే పడుకోబెట్టింది. తెల్లారేసరికి మూత్రం వచ్చింది, బీపీ 118/74. విరేచనాలు కట్టాక బీపీ 150 దాటడం చూసి అమ్లోడిపిన్ 5 మళ్లీ మొదలుపెట్టింది. టెల్మిసార్టన్ మాత్రం రక్తపరీక్ష అయ్యేదాకా ఇవ్వలేదు.

నీళ్లు తీశాక మేం వైద్య శిబిరానికి పడవలో వెళ్లాం. క్రియాటినిన్ 1.5 ఉంది, తర్వాతి వారం 1.3కి వచ్చాక టెల్మిసార్టన్ తిరిగి ఇచ్చాం.

రిజిస్టర్‌లో ఆ రోజు పేజీ కింది అంచు నీటికి ఉబ్బి ఉంది. నీలం బాల్‌పెన్‌తో ఆమె రాసింది ఇంతే: "ఫోన్ కలవలేదు. విరేచనాలు 8, బీపీ 104/66, మూత్రం లేదు. టెల్మిసార్టన్, అమ్లోడిపిన్ ఆపాను. ఓఆర్‌ఎస్. సాయంత్రం చూడాలి." ఆపాను అన్నచోట కింద గీత. దాని కింద నేను చూసిన రోజు తేదీ వేసి సంతకం పెట్టాను.

తర్వాత రికార్డులు చూసిన ఒక పై అధికారి నన్ను పక్కకి పిలిచి, "అదే రోజు తేదీ వేసెయ్యకపోయారా, ఆమెకీ మీకూ గొడవుండేది కాదు" అన్నారు. ఆయన మాటలో దురుద్దేశమేం లేదు, నిజానికి ఆమెను కాపాడదామనే అన్నారు. కాగితం మీద చూస్తే డాక్టరు రాసిన రెండు మందుల్ని నర్సు తనంతట తాను ఆపింది. ఆ రాత్రి అతనికి పక్షవాతం వచ్చి ఉంటే మొదట నిలదీసేది ఆమెనే. కానీ పాత తేదీ వేస్తే ఆ వైద్యం నేను చేసినట్టవుతుంది. నేను అప్పుడు ఇవతలి గట్టున ఉన్నాను. నా సంతకం ఆ రోగికి చేసిన మేలు ఏమీ లేదు.

చట్టం ఏమంటోంది

డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 1940లోది, దాని నిబంధనలు 1945లోవి. షెడ్యూల్ హెచ్ మందులు అమ్మాలంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ (చట్టం దృష్టిలో నమోదైన డాక్టరు, ఊళ్లో ఆర్‌ఎంపీ అనే మనిషి కాదు) చీటీ కావాలి, నర్సు ఆ నిర్వచనంలోకి రాదు. అవే నిబంధనల్లోని షెడ్యూల్ కె కొంత వెసులుబాటు ఇచ్చింది. ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమాల్లో భాగంగా సబ్‌సెంటర్లలోని ఏఎన్‌ఎంలు (ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్తలు), నర్సులు లైసెన్సు లేకుండానే మందులు అందించవచ్చు. మా క్లినిక్కు బీరువా ఆ వెసులుబాటు మీద నడుస్తోంది. అది అందించడానికి అనుమతి, నిర్ణయించడానికి కాదు.

దీనిలో విచిత్రం చూడండి. గర్భిణికి గుర్రపువాతం (బీపీ పెరిగి ఫిట్స్) వస్తే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు ఇంజెక్షన్ చేసి పెద్దాసుపత్రికి పంపమని ఏఎన్‌ఎంలకు కేంద్ర మార్గదర్శకాలు ఎప్పుడో అనుమతిచ్చాయి. మోతాదు మించితే ఊపిరి ఆగే మందది. డాక్టరు దగ్గర లేనిచోట తల్లులు చనిపోతున్నారు కాబట్టి ఇచ్చారు, మంచి పని చేశారు. అంతకంటే ఎక్కువ చదివిన నర్సు మాత్రం అమ్లోడిపిన్ 5ని 10 చెయ్యడానికి నెట్‌వర్క్ కోసం మేడెక్కాలి. అదే వీధిలో ఏ చదువూ లేని ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ పొడుస్తూనే ఉంటాడు.

2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలో సెక్షన్ 32 ఈ సమస్య కోసమే వచ్చింది. ఆధునిక వైద్యంతో సంబంధమున్న వృత్తుల వారికి కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లుగా పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చనీ, ప్రాథమిక, నివారణ వైద్యంలో నిర్దేశించిన మందులు వాళ్లు స్వతంత్రంగా రాయొచ్చనీ, మిగతాచోట్ల డాక్టరు పర్యవేక్షణ ఉండాలనీ అది చెబుతుంది. సంఖ్య మొత్తం డాక్టర్లలో మూడో వంతు మించకూడదు. ఆ ఏడాది జులై 31న డాక్టర్ల సంఘం ఐఎంఏ పిలుపుతో దేశమంతా ఓపీలు మూసి నిరసన తెలిపిన కారణాల్లో ఈ సెక్షన్ ఒకటి. సెక్షన్ పుస్తకంలో ఉంది. ఆ లైసెన్సు ఉన్న నర్సు నాకు ఇంతవరకు ఎదురుపడలేదు.

రాష్ట్రమే చట్టం చేసుకుంటే పోలేదా అని కొందరు మిత్రులు అంటారు. అస్సాం 2004లో గ్రామీణ వైద్యానికి మూడేళ్ల డిప్లొమాతో అలాగే చేసింది. గౌహతి హైకోర్టు 2014లో కొట్టేసింది, 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. వైద్యవిద్య ప్రమాణాలు కేంద్రం పరిధిలోవి. కాబట్టి దారి ఢిల్లీ మీదుగానే.

బయట దేశాల్లో ఇది పాతబడిన సంగతి. బ్రిటన్‌లో 1992 చట్టంతో చిన్న జాబితాగా మొదలై, 2006 నాటికి తగిన శిక్షణ పొందిన నర్సులు తమ నైపుణ్యం మేరకు దాదాపు అన్ని మందులూ రాసే దాకా వచ్చింది. దానికి విడిగా ప్రిస్క్రైబింగ్ కోర్సు పాసై రిజిస్టర్‌లో నమోదు కావాలి. న్యూయార్క్‌లో 1316 మంది రోగుల మీద జరిగి 2000లో అచ్చయిన పరిశోధనలో నర్స్ ప్రాక్టీషనర్లు చూసినవారికీ డాక్టర్లు చూసినవారికీ ఆరోగ్య ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వైద్య పరిశోధనలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2016 సమీక్ష 46 అధ్యయనాలు చూసి బీపీ, షుగర్ లాంటి వాటిలో దాదాపు ఇదే చెప్పింది. అక్కడి అడ్వాన్స్‌డ్ నర్సు మాస్టర్స్ దాకా చదువుతుంది, మా ఎంఎల్‌హెచ్‌పీ చదువు అంత కాదు. ఆ ఫలితాలు తెచ్చి ఇక్కడ అతికించడం సరికాదు. జాబితా చిన్నగా ఉండాలని నేననేది అందుకే.

నా మాట

బీపీ, షుగర్ మాత్రలు ప్రొటోకాల్ మెట్ల ప్రకారం పెంచడం, తగ్గించడం, ఆపడం నర్సు చేతికి ఇవ్వాలి. టెల్మిసార్టన్ తరహా వాటికి క్రియాటినిన్, పొటాషియం చూశాకే అన్న షరతు ఉండాలి. ఆపే అధికారానికి ఏ షరతూ వద్దు, ఆపి ఒక రోజులోపు డాక్టరుకి తెలియజేస్తే చాలు. గర్భిణులు, పసిపిల్లలు, గుండెజబ్బు ఉన్నవాళ్ల మందులు మొదట్లో డాక్టరు దగ్గరే ఉండాలి.

యాంటీబయాటిక్స్ మీద నాకు గట్టి అభ్యంతరముంది. వాటి అమ్మకాన్ని కట్టడి చేసే షెడ్యూల్ హెచ్1 వచ్చిన తర్వాత కూడా మేం డాక్టర్లమే వాటిని పొదుపుగా రాయలేకపోతున్నాం. చీటీ పుస్తకం నర్సు చేతిలో పడిన మర్నాడే ఊరు ఆమె గుమ్మం ముందుంటుంది: "ఓ సూదెయ్యమ్మా, ఓ ఘాటైన గోలీ రాయమ్మా." కాదంటే ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు. ఆ ఒత్తిడిని ఒంటరిగా తట్టుకోమని పాతికేళ్ల అమ్మాయికి చెప్పడం అన్యాయం.

ఇంకో భయం నర్సులే చెబుతారు. అధికారం ఇచ్చి, ఇన్సూరెన్సు ఇవ్వకుండా, జీతం పెంచకుండా, తప్పు జరిగితే నెత్తిన వేస్తారని. ఆ భయం నిజం. మా సిస్టరమ్మను అడిగితే, "అధికారం ఇవ్వకుండానే బాధ్యత నా మీదుంది కదండీ ఇప్పుడు?" అంది.

ప్రస్తుతం

వరద నెలల కోసం ఒక కాగితం తయారుచేసుకున్నాం. లంకలోని బీపీ, షుగర్ రోగుల్లో ఒక్కొక్కరికి విడిగా ఏ అంకె దగ్గర ఏ మాత్ర ఆపాలి, ఏది సగం చెయ్యాలి అని ముందే రాసి, నేను సంతకం పెట్టి ఇస్తాను. ఫోన్ కలవకపోతే ఆమె దాని ప్రకారం చేస్తుంది. ఇది నా రోగికి నేను ముందే ఇచ్చిన ఆదేశం, అంతే. కాగితంలో లేని పరిస్థితి వస్తే ఆమె మళ్లీ మొదటికే.

దాని పరిమితి వెంటనే తెలిసింది. అక్టోబరులో మా సప్లైలో టెల్మిసార్టన్ అయిపోయింది. ఆమె ఆ కాగితం మీద మందు పేరు, మోతాదు రాసి రోగిని పాయ ఇవతలి మెడికల్ షాపుకి పంపింది. షాపాయన డాక్టరు చీటీ లేకుండా ఇవ్వనన్నాడు. అతను చేసింది చట్టప్రకారం సరైన పనే. రోగి ఆటో ఎక్కి పీహెచ్‌సీకి వచ్చాడు, ఒక పూట కూలి పోయింది. నేను అదే పేరు, అదే మోతాదు నా లెటర్‌హెడ్ మీద రాసిచ్చాను. ఆ రోజు బీపీ 134/84, పొటాషియం పరీక్ష జనవరిలో చెయ్యాలి.